ఓమ్ గారు మళ్ళీ కొలిచారు

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. ఫస్ట్ ఇయర్ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ఓమ్స్ లా ఎక్స్‌పెరిమెంట్ కింద నా రికార్డులో ఉన్న రీడింగులు మీటర్ చూపించినవి కావు. అలాగని పక్కవాడి దగ్గర కాపీ కొట్టినవీ కావు. ఫార్ములా నుంచి వెనక్కి లెక్కేసి నేనే తయారు చేసినవి. మా బ్యాచ్‌కి ఇచ్చిన రెసిస్టర్ 10 ఓమ్స్‌ది. వోల్టేజ్ పెంచుకుంటూ, కరెంట్ చూసుకుంటూ, దాన్ని దీనితో భాగిస్తే ప్రతిసారీ 11కి కాస్త అటూ ఇటూగా వస్తోంది. టైమ్ అయిపోతోంది. రావాల్సింది 10 కదా అని 1 వోల్ట్‌కి 0.1 ఆంపియర్, 2 వోల్ట్‌లకి 0.2 అని నీట్‌గా రాసేశాను. మరీ అనుమానం రాకుండా మధ్యలో ఒక 0.31, ఒక 0.49 కలిపాను. గ్రాఫ్ మీద స్కేల్ పెట్టి గీస్తే గీత చక్కగా వచ్చింది. మార్కులు కూడా పూర్తిగా వచ్చాయి.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎంతమంది ఇలాగే చేశారో నేను అడగను. మీరూ చెప్పొద్దు.

ఆ సంగతి అక్కడితో మర్చిపోయేవాణ్ణే. కానీ ఈ ఏడాది రూమ్‌లో మా కాయిల్ స్టవ్ పాడైంది. అదేనండి, పింగాణీ ప్లేట్ మీద గాడిలో స్ప్రింగ్ లాంటి తీగ ఎర్రగా కాలుతుందే, ఆ కరెంటు పొయ్యి. అర్ధరాత్రి నూడుల్స్‌కి అదే దిక్కు. ఒకరోజు కాయిల్ మధ్యలో తెగింది. మా రూమ్మేట్ ప్లగ్ పీకేసి, కాలి నల్లబడ్డ ముక్కను తీసిపారేసి, మిగిలిన రెండు కొసల్ని మెలిపెట్టి కలిపేశాడు. స్టవ్ మళ్ళీ వెలిగింది. ఇంకా ఎర్రగా వెలిగింది కూడా. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే తెగింది. మళ్ళీ ముక్క తీసేసి కలిపాడు. ఈసారి మూడు రోజులు. నాలుగోసారి మెయిన్ బోర్డులో ఎంసీబీ పడిపోయి ఓనర్ ఆంటీ పైకి వచ్చారు.

తీగ తగ్గిపోతుంటే మంట తగ్గాలి కదరా, పెరుగుతోందేంటి అని వాడు అడిగాడు. వాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు సివిల్. నేను ఇంగ్లీష్ మీడియం, కంప్యూటర్ సైన్స్, పైగా ఓమ్స్ లాలో ఫుల్ మార్కులు. సమాధానం నా దగ్గర లేదు. వెతుక్కుంటూ పోతే ఫార్ములా దగ్గర ఆగకుండా ఆ మనిషి దగ్గరికి వెళ్ళాను. అప్పటిదాకా ఓమ్ అంటే నాకు ఒక సింబల్ మాత్రమే.

గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న ఇప్పటి జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసే పనివాడు. అమ్మ ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లల్లో బతికింది ముగ్గురే. ఓమ్‌కి పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న పెద్దగా బడికి వెళ్ళినవాడు కాదు, కానీ సొంతంగా చదువుకుని గణితం దాకా వెళ్ళినవాడు. పగలు ఇనుము పని, మిగతా టైమ్‌లో కొడుకులిద్దరికీ లెక్కలు, సైన్స్ చెప్పేవాడు. ఎర్లాంగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ లాంగ్స్‌డోర్ఫ్ ఒకసారి ఓమ్‌ని పరీక్షించి, ఈ ఇంటి నుంచి బెర్నూలీల లాంటి అన్నదమ్ములు వస్తారని మెచ్చుకున్నాడట. తమ్ముడు మార్టిన్ నిజంగానే గణిత ప్రొఫెసర్ అయ్యాడు.

ఆ ఇంట్లో ఓమ్ లెక్కలతో పాటు చేతిపని కూడా నేర్చుకున్నాడు. లోహాన్ని కొయ్యడం, తీగల్ని సరిచెయ్యడం, సన్నటి భాగాల్ని కచ్చితంగా అమర్చడం. ఇది తర్వాత ఎంత పనికొచ్చిందో చూద్దురు గాని.

1805లో ఓమ్ ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. ఇక్కడ మనందరికీ దగ్గరవాడు అనిపిస్తాడు. క్లాసుల కంటే డాన్సు, ఐస్ మీద స్కేటింగ్, బిలియర్డ్స్ ఎక్కువయ్యాయి. తనకు దొరకని చదువు కొడుక్కి దొరికితే వాడు ఇలా పాడు చేసుకుంటున్నాడని నాన్నకి కోపం వచ్చింది. మూడు సెమిస్టర్లకే మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశాడు. 1806లో, పదిహేడేళ్ళకి, ఓమ్ అక్కడ ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. మనవాళ్ళు డిటెయిన్ అయితే ఇంటికి పంపిస్తారు, ఆయన్ని నాన్నే దేశం దాటించాడు.

అక్కడ కుదురుకున్నాడు. లాంగ్స్‌డోర్ఫ్ హైడెల్‌బర్గ్ వెళ్తుంటే తానూ అక్కడికొచ్చి చదువుతానన్నాడు. ఆయన వద్దని, సొంతంగా ఆయిలర్, లాప్లాస్, లక్రువా పుస్తకాలు చదువుకోమన్నాడు. ఓమ్ అలాగే చేశాడు. 1811లో ఎర్లాంగెన్ తిరిగొచ్చి డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు కానీ ఆ జీతంతో బతకడం కష్టం. 1813లో బాంబెర్గ్‌లో ఒక నాసిరకం స్కూల్లో చేరాడు. 1816లో అది మూతపడింది. జీవితం బాగుపడటానికి ఒక జ్యామితి పుస్తకం రాసి, కాపీని ప్రష్యా రాజుకి పంపాడు. 1817లో కొలోన్ నగరంలోని జెస్యూట్ హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ స్కూల్లో మంచి ఫిజిక్స్ ల్యాబ్ ఉంది. ఓమ్ అసలు కథ అక్కడ మొదలైంది.

1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ ఒక వింత చూపించాడు. కరెంట్ పారుతున్న తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుంది. అంటే కనిపించని కరెంట్‌ని కొలిచే మార్గం దొరికినట్టే. ముల్లు ఎంత కదిలితే అంత కరెంట్. అప్పటికి వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ అని మనం ఈజీగా చెప్పుకునే మూడు మాటలూ విడివిడిగా స్పష్టంగా లేవు. తీగ పొడవు పెరిగితే కరెంట్ ప్రభావం ఎలా తగ్గుతుంది? ఓమ్ ఈ ఒక్క ప్రశ్న పట్టుకున్నాడు. స్కూల్ అయ్యాక కూర్చునేవాడు. పరికరాలు సొంతంగా తయారు చేసుకున్నాడు. తాళాల షాపులో నేర్చుకున్న చెయ్యి కదా.

1825లో మొదటి పేపర్ వచ్చింది. పొడవు పెరిగేకొద్దీ ప్రభావం తగ్గే తీరుకి లాగరిథమ్‌తో ఒక ఫార్ములా ఇచ్చాడు. అది తప్పు.

ఈ విషయం మా పుస్తకంలో లేదు. ఓమ్ అచ్చులో పెట్టిన మొదటి నియమం తప్పు అని నాకు పందొమ్మిదేళ్ళ దాకా తెలియదు. లోపం ఎక్కడంటే, ఆయన వాడింది ద్రావణంలో లోహపు పలకలు ముంచే అప్పటి బ్యాటరీ. స్విచ్ వెయ్యగానే ఒక్కసారి ఎగిసి, తర్వాత మెల్లగా నీరసపడిపోతుంది. ఒక తీగ కొలిచి ఇంకో తీగ పెట్టేలోపు బ్యాటరీయే మారిపోతుంది. ఇక ఆ తేడా తీగదా, బ్యాటరీదా?

ఆ పేపర్లు వేసిన పత్రిక సంపాదకుడు పొగ్గెన్‌డోర్ఫ్ ఒక సలహా ఇచ్చాడు. కొన్నేళ్ళ ముందే జీబెక్ కనిపెట్టిన థర్మోకపుల్ వాడి చూడమన్నాడు. రెండు వేరు వేరు లోహాల్ని కలిపి, ఒక అతుకుని వేడిగా, ఇంకో అతుకుని చల్లగా ఉంచితే కరెంట్ పుడుతుంది. చాలా కొంచెం పుడుతుంది కానీ నిలకడగా పుడుతుంది.

ఓమ్ మళ్ళీ మొదలుపెట్టాడు. రాగి, బిస్మత్ తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్ళలో, ఇంకోటి మంచులో. మరిగే నీళ్ళ వేడి మారదు, కరిగే మంచు చల్లదనం మారదు, కాబట్టి నెట్టే శక్తీ మారదు. అయస్కాంతపు ముల్లుని సన్నటి బంగారు తీగకి వేలాడదీశాడు. కరెంట్ ముల్లుని పక్కకి నెడితే, పైన తీగని మెలితిప్పి ముల్లుని మళ్ళీ మొదటి చోటికి తెచ్చేవాడు. ఎంత మెలితిప్పాల్సి వచ్చిందో అదే రీడింగ్. ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. చూశారా, ప్రతిసారీ దాదాపు రెట్టింపు. లూప్ రాసేవాడి బుర్ర.

1826 జనవరిలో వచ్చిన రీడింగులు చూడండి. 2 అంగుళాల తీగకి సుమారు 326. 130 అంగుళాల తీగకి సుమారు 48. తీగ 65 రెట్లు పెరిగింది. మనం పుస్తకంలో చదివిన ప్రకారం కరెంట్ 65వ వంతుకి పడిపోవాలి. పడింది దాదాపు ఏడో వంతుకే.

నేనైతే ఇక్కడే పెన్సిల్ తీసేవాణ్ణి.

ఆయన ఆ అంకెల్ని ముట్టుకోలేదు. ఏం కలిపితే ఇవి నిజమవుతాయి అని చూశాడు. ప్రతి పొడవుకీ ఒక 20 కలిపితే సరిపోయింది. 2 బదులు 22, 130 బదులు 150. 150ని 22తో భాగించండి, ఏడుకి కాస్త తక్కువ. మిగిలిన ఆరు తీగలకీ దగ్గర దగ్గరగా అలాగే కుదిరింది. మరి ఆ 20 ఎవరు? అది తీగ కాదు. సర్క్యూట్‌లో తీగ తప్ప మిగిలినదంతా, అంటే థర్మోకపుల్, కనెక్షన్లు, అన్నీ కలిపి 20 అంగుళాల తీగంత అడ్డు పెడుతున్నాయి. మరిగే నీళ్ళు, మంచు కాకుండా వేరే ఉష్ణోగ్రతలతో చేసి చూస్తే నెట్టే శక్తి మారింది కానీ ఆ 20 మారలేదు. అంటే శక్తి లెక్క వేరు, అడ్డు లెక్క వేరు. కరెంట్ అంటే మొత్తం శక్తిని మొత్తం అడ్డుతో భాగించగా వచ్చేది. మనం మూడక్షరాల్లో రాసేసే నియమం అలా వచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు ల్యాబ్‌లోని 11 గుర్తొచ్చింది. మేము వోల్ట్ మీటర్‌ని రెసిస్టర్ ఒక్కదానికే కాకుండా రెసిస్టర్, అమ్మీటర్ రెండూ కలిసిన చోటికి కనెక్ట్ చేశాం. అమ్మీటర్‌కి కూడా సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. 10 రెసిస్టర్‌ది, పైన వచ్చిన ఆ ఒకటి అమ్మీటర్‌ది. నా రీడింగులు తప్పు కాదు. అవి నిజమే చెప్పాయి. నేనే వాటి నోరు మూసి, పుస్తకం మాట వాటి పేరు మీద రాశాను. ఓమ్‌కి దొరికిన 20 లాంటిదే నాకూ ఒక చిన్న ఒకటి దొరికింది, నేను దాన్ని రబ్బరు పెట్టి చెరిపేశాను.

స్టవ్ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఇంట్లో వోల్టేజ్ 230, అది మన కాయిల్ కోసం మారదు. 1000 వాట్ల కాయిల్ వేడి మీద సుమారు 53 ఓమ్స్ ఉంటుంది, 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. కాలిన ముక్కలు తీసేస్తూ ఐదో వంతు తీగ పోగొడితే 42 ఓమ్స్ అవుతుంది, కరెంట్ 5.4కి, వేడి 1250 వాట్లకి పెరుగుతుంది. సగం పోగొడితే 2000 వాట్లు. అదే మందం తీగ, ఇంకా తక్కువ పొడవు, రెట్టింపు వేడి. కాలక ఏమవుతుంది? పైగా మెలిపెట్టిన అతుకు వదులుగా ఉంటే అక్కడ అడ్డు ఎక్కువై, అదే చోట ముందు తెగుతుంది. ఇది మా వాడికి చెప్పాను. నిరోధం పొడవుకి అనులోమానుపాతంలో ఉంటుంది, అంతే కదా అన్నాడు. వాడికి ముందే తెలుసు, స్టవ్‌కి కలపలేదంతే. నాకు అనులోమానుపాతం అన్న మాట పలకడానికే రెండు రోజులు పట్టింది.

ఇంకో కాయిల్ కథ. అమెరికాలో ఉన్న మా కజిన్ అన్నయ్య కొన్నాళ్ళు వేప్ కాయిల్స్ తనే చుట్టేవాడు. మన దేశంలో ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం, వాటిని పొగడటం నా ఉద్దేశం కాదు. వీడియో కాల్‌లో చూపించాడు. సన్నటి కాంతల్ తీగని స్క్రూడ్రైవర్ చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, ఆ గొట్టంలోంచి దూది ఒత్తి దూరుస్తారు. దూది మరీ బిగిస్తే ద్రవం అందదు, ఎండిపోయి మాడు కంపు వస్తుంది. స్క్రూ దగ్గర కాలు వదులుగా ఉంటే అంకె నిలవదు, ఊగుతూ ఉంటుంది. అసలు భయం మాత్రం తీగ పొడవు దగ్గరే. 1.8 ఓమ్స్ కాయిల్ అయితే నిండా ఛార్జ్ అయిన 4.2 వోల్ట్‌ల సెల్ నుంచి 2.3 ఆంపియర్లు లాగుతుంది. లావు తీగ, తక్కువ చుట్లు పెట్టి 0.2 ఓమ్స్‌కి తెస్తే 21 ఆంపియర్లు. చిన్న సెల్ దాన్ని తట్టుకోలేకపోతే వేడెక్కి పేలొచ్చు. అందుకే మీటర్‌తో కొలవకుండా ఏ కాయిల్‌నీ సెల్‌కి కలిపేవాడు కాదట. ఇప్పుడు ఆ అలవాటు మానేశాడు. మీటర్ మాత్రం ఉంచుకున్నాడు.

మళ్ళీ కొలోన్‌కి వద్దాం. 1826లో ఓమ్ సగం జీతం మీద ఏడాది సెలవు పెట్టి బెర్లిన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. 1827లో పుస్తకం వచ్చింది. ఎలక్ట్రిక్ సర్క్యూట్‌ని గణితంతో వివరించిన పుస్తకం. వేడి ఎలా ప్రవహిస్తుందో ఫూరియే రాసిన గణితాన్ని ఆదర్శంగా పెట్టుకున్నాడు. దీంతో ఏదో ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్ పోస్ట్ వస్తుందని ఆశపడ్డాడు.

రాలేదు. ఆ రోజుల్లో జర్మనీ ఫిజిక్స్ వాళ్ళలో చాలామందికి ప్రకృతిని ఇంత గణితంతో చూడటం నచ్చలేదు. బెర్లిన్‌లో పోల్ అనే ఆయన పుస్తకాన్ని ఘాటుగా విమర్శించాడు. ఎక్కువమంది అసలు పట్టించుకోలేదు. 1828లో ఓమ్ కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళు బెర్లిన్‌లో చిన్నా చితకా పాఠాలు. 1833లో నూరెంబర్గ్‌లో పాలిటెక్నిక్‌లో చేరాడు. ప్రొఫెసర్ అన్న పేరు వచ్చింది కానీ ఆయన కోరుకున్న యూనివర్సిటీ అది కాదు.

రాజీనామా సరైనదో కాదో నాకు తెలియట్లేదు. కానీ ఒకటి గమనించాను. తన తప్పు ఫార్ములాని ఏడాదిలో వదిలేసిన మనిషి, సరైన ఫార్ములాని పద్నాలుగేళ్ళు ఎవరూ మెచ్చకపోయినా వదల్లేదు. రెండిటికీ కారణం ఒకటే, ఆ రీడింగులు.

మెల్లగా ఇతరులు కొలిచి చూశారు. లైప్‌జిగ్‌లో ఫెక్నర్, రష్యాలో లెంజ్, ఫ్రాన్స్‌లో పూయే. మన పుస్తకాల్లో లెంజ్ లా ఉందే, ఆ లెంజే. అందరికీ అదే నియమం వచ్చింది. టెలిగ్రాఫ్ తీగలు వేసే రోజులు వచ్చాక, ఎంత దూరానికి ఎంత బ్యాటరీ కావాలో లెక్క తెలియాలి కదా. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కి కోప్లీ మెడల్ ఇచ్చింది. మరుసటి ఏడాది విదేశీ సభ్యుడిగా తీసుకుంది. 1849లో మ్యూనిక్ పిలిచింది. 1852లో అక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ పీఠం దక్కింది, అరవై మూడేళ్ళ వయసులో. రెండేళ్ళకి, 1854 జూలై 6న, పోయాడు.

1881లో పారిస్‌లో జరిగిన ఎలక్ట్రికల్ కాంగ్రెస్ రెసిస్టెన్స్ యూనిట్‌కి ఆయన పేరు ఖాయం చేసింది. కరెంట్‌ని ఆపకుండా పారనిచ్చే గుణానికి చాలాకాలం ఆయన పేరునే తిరగేసి మో అని పిలిచేవారు. స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రామ్ రాసిన మనకి ఇది నచ్చాలి. ఇప్పుడు దాన్ని సీమెన్స్ అంటున్నారు.

ఇంకో విషయం. ఓమ్‌కి నలభై ఏళ్ళకు ముందే ఇంగ్లండ్‌లో కావెండిష్ దాదాపు ఇదే సంబంధం చూశాడు. మీటర్ లేదు కాబట్టి తన ఒంటికి తగిలే షాక్ ఎంతుందో పోల్చుకుని కొలిచాడు. కానీ ప్రచురించలేదు. ఆ కాగితాలు 1879లో మాక్స్‌వెల్ బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. ఓమ్ తప్పునీ అచ్చు వేశాడు, దాని దిద్దుబాటునీ అచ్చు వేశాడు. నియమం ఆయన పేరు మీద ఉంది.

పోయిన వారం పర్మిషన్ అడిగి ఆ ల్యాబ్‌కి వెళ్ళాను. సెకండ్ ఇయర్ వాడికి ఇక్కడేం పని అని అసిస్టెంట్ గారు వింతగా చూశారు కానీ కిట్ ఇచ్చారు. ముందు పాత తప్పు కనెక్షన్‌తోనే తీశాను. ఐదు రీడింగులు, అన్నీ 11 చుట్టూ. తర్వాత వోల్ట్ మీటర్‌ని రెసిస్టర్ ఒక్కదానికే పెట్టి తీశాను. 10.1, 10, 10.1. రికార్డులో ఆ ఎక్స్‌పెరిమెంట్ వెనక ఖాళీ పేజీలో రెండు టేబుల్స్ రాసి, తేదీ వేశాను. దాన్ని ఎవరూ కరెక్షన్ చెయ్యరు, మార్కులు లేవు. ముందు పేజీలోని అందమైన గీత అలాగే ఉంది, చెరపలేదు.

స్టవ్‌కి మాత్రం కొత్త కాయిల్ కొన్నాం. పూర్తి పొడవుది.